ఏఆర్‌డీఎస్ రోగికి సాచురేషన్ 90 దగ్గరే ఉన్నప్పుడు నర్సు చూడవలసినవి

వెంటిలేటర్ మీద ఉన్న ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి ద్రవంతో నిండి, రక్తానికి ఆక్సిజన్ చాలని తీవ్ర స్థితి) రోగికి సాచురేషన్ (రక్తంలోని ఆక్సిజన్ శాతం) 90 దగ్గరే నిలిచిపోతోందని, ఆక్సిజన్ శాతం పెంచుదామంటే డాక్టర్లు వద్దంటున్నారని, ఐసీయూకి కొత్తగా వచ్చిన నర్సుగా ఆ రోగికి తాను ప్రత్యేకంగా చేయగలిగింది ఏమిటో తెలియడం లేదని ఒకరు అడిగారు. చాలా ఏళ్లుగా ఇలాంటి రోగుల పక్కన పనిచేస్తున్న నర్సుగా నా సమాధానం ఇది. ఏఆర్‌డీఎస్‌లో దెబ్బతిన్న ఊపిరితిత్తిని నేరుగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. మూలకారణానికి వైద్యం జరుగుతుండగా ఊపిరితిత్తి తనంతట తాను కోలుకోవాలి. అంతవరకు మన చికిత్స వల్లనే దానికి కొత్త గాయం తగలకుండా కాపాడడమే అసలు పని. ఆ పనిలో పెద్ద భాగం డాక్టరు రౌండ్స్ ముగించుకుని వెళ్లిన తరువాత, గంట గంటకూ నర్సు చేతుల మీదుగా జరుగుతుంది.

ముందు ఊపిరితిత్తి లోపలి పరిస్థితిని మనసులో ఉంచుకోవాలి. న్యుమోనియా, సెప్సిస్, కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోవడం, తీవ్రమైన ప్రమాద గాయాలు, పాంక్రియాటైటిస్ వంటి కారణాల వల్ల వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి తిత్తుల) గోడలూ వాటిని చుట్టుకున్న రక్తకేశనాళికలూ వాచి, ప్రొటీన్‌తో కూడిన ద్రవం వాయుగోణుల్లోకి కారుతుంది. గుండె వైఫల్యంలో పీడనం పెరిగి నీరు చేరినట్టు కాక, ఇక్కడ గోడే చిల్లులు పడి కారుతుంది. ద్రవంతో బరువెక్కిన ఊపిరితిత్తిలో కింది భాగాలు ముడుచుకుపోయి, పై భాగంలో కొద్ది ప్రాంతం మాత్రమే గాలి పీల్చుకోగలుగుతుంది. మనం వెంటిలేటర్ ద్వారా పంపే గాలి మొత్తం ఆ కొద్ది ప్రాంతంలోకే వెళుతుంది కనుక, ఆరోగ్యవంతుడికి మామూలుగా సరిపోయే పరిమాణమే ఈ రోగికి హానికరమైన సాగదీత అవుతుంది. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ప్రకారం పీప్ (శ్వాస వదిలాక కూడా వెంటిలేటర్ ఊపిరితిత్తిలో నిలిపి ఉంచే పీడనం) కనీసం 5 సెంటీమీటర్ల నీటి పీడనం ఉండగా, రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని ఎఫ్‌ఐఓటూతో, అంటే పీల్చే గాలిలోని ఆక్సిజన్ భాగంతో, భాగిస్తే వచ్చే సంఖ్య 200కు పైన 300 వరకు ఉంటే స్వల్పం, 100కు పైన 200 వరకు ఉంటే మధ్యస్థం, 100 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. ఏబీజీలో (ధమని రక్తంలోని వాయువుల పరీక్షలో) పీఏఓటూ, అంటే ఆ ఆక్సిజన్ పీడనం, 72, ఎఫ్‌ఐఓటూ 0.6 అయితే నిష్పత్తి 120 అవుతుంది. ప్రతి ఏబీజీ తరువాత ఈ లెక్క మీరే వేసి చార్టులో రాసే అలవాటు చేసుకోండి, ఎందుకంటే సాచురేషన్ 92 అన్న ఒక్క మాటలో అది ఎంత ఆక్సిజన్ మీద వచ్చిన 92 అన్నది కనిపించదు.

ఇప్పుడు మీ ప్రశ్నలోని 90 సంగతి. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ ప్రచురించిన పరీక్షలో 861 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అంచనా శరీర బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున, రెండో గుంపుకు 6 మిల్లీలీటర్ల చొప్పున టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు పంపే గాలి పరిమాణం) ఇచ్చారు. మరణాలు మొదటి గుంపులో 39.8 శాతం, రెండో గుంపులో 31 శాతం. ఇందులో నర్సులందరూ గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉంది. మొదటి రోజుల్లో ఆక్సిజన్ నిష్పత్తి మెరుగ్గా కనిపించింది ఎక్కువ గాలి అందుకున్న గుంపులోనే, కానీ చివరికి ఎక్కువ మంది చనిపోయిందీ ఆ గుంపులోనే. మానిటర్ మీద అంకె అందంగా ఉండడమూ ఊపిరితిత్తి క్షేమంగా ఉండడమూ ఒకటి కాదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఆధారం నాకు తెలియదు. ఆ పరీక్షలో పెట్టుకున్న లక్ష్యం పీఏఓటూ 55 నుంచి 80, సాచురేషన్ 88 నుంచి 95. కాబట్టి 90 వైఫల్యం కాదు, లక్ష్యం లోపలి అంకె. అలాగని అడుగు అంచున నిలిపి ఉంచడమే మేలని కూడా అనుకోకూడదు. 2020లో వెలువడిన ఒక ఫ్రెంచ్ పరీక్షలో సాచురేషన్‌ను 88 నుంచి 92 మధ్యనే బిగించి ఉంచిన గుంపులో పేగులకు రక్తం అందకపోవడం వంటి ఉపద్రవాలు కనిపించడంతో పరీక్షను ముందే ఆపేశారు. మీ రోగికి పై హద్దు, కింది హద్దు ఎంతో ప్రతి షిఫ్టు మొదట్లో డాక్టరుతో అడిగి రాసుకోవాలి. చర్మం ఛాయ ముదురుగా ఉన్నవారిలో పల్స్ ఆక్సీమీటర్ అసలు కన్నా ఎక్కువ చూపే అవకాశం ఉంది, కనుక ధమని రక్తపు సాచురేషన్‌కూ మానిటర్ అంకెకూ తేడా ఎంత ఉందో ఒకసారి సరిచూసుకుని ఆ తేడాను హ్యాండోవర్‌లో చెప్పాలి.

టైడల్ వాల్యూమ్ లెక్కకు వాడేది మంచం మీద తూచిన బరువు కాదు, ఎత్తు నుంచి వచ్చే అంచనా బరువు. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. పురుషులకు, ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని అందులోంచి 152.4 తీసివేసి, 0.91తో గుణించి, 50 కలపాలి. స్త్రీలకు 50 బదులు 45.5 కలపాలి. 160 సెంటీమీటర్ల స్త్రీకి ఇది సుమారు 52.4 కిలోలు, అంటే కిలోకు 6 చొప్పున 314 మిల్లీలీటర్లు. ఆమె అసలు బరువు 80 కిలోలని ఆ లెక్కతో 480 పెడితే అంచనా బరువు మీద కిలోకు 9 దాటిపోతుంది. ఎత్తును కంటి అంచనాతోనో, బంధువులు చెప్పిన మాటతోనో రాయడం చాలా చోట్ల జరుగుతుంది. టేపు తీసుకుని, రోగిని చదునుగా పడుకోబెట్టి, తల నుంచి మడమ వరకు కొలవడం రెండు నిమిషాల పని. కాళ్లు చాపలేని రోగికి ముంజేతి ఎముక పొడవుతో ఎత్తు అంచనా వేసే పట్టికలు ఉన్నాయి. అడ్మిషన్ రోజున నర్సు చేసే పనుల్లో ప్రాణానికి ఇంత నేరుగా సంబంధించినవి కొన్నే ఉంటాయని నా నమ్మకం.

వెంటిలేటర్ చార్టింగ్‌లో టైడల్ వాల్యూమ్‌తో పాటు ప్లాటో ప్రెషర్ (గాలి లోపలికి పంపి క్షణం ఆపినప్పుడు ఊపిరితిత్తిలో ఉండే పీడనం) 30 సెంటీమీటర్లు దాటకుండా చూడాలి. ప్లాటో నుంచి పీప్ తీసివేస్తే వచ్చే డ్రైవింగ్ ప్రెషర్‌ను కూడా రాయండి. ప్లాటో 26, పీప్ 12 అయితే అది 14. ఇది 15 దాటుతోందంటే డాక్టరుకు చెప్పవలసిన విషయం. కార్బన్ డయాక్సైడ్ కొంత పెరగడం ఈ పద్ధతిలో ఊహించినదే. పీహెచ్ ఎంత వరకు పడితే పిలవాలో ముందే అడిగి పెట్టుకుంటే అర్ధరాత్రి తడబాటు ఉండదు. చార్టులో సెట్టింగులు రాస్తే సరిపోదు, వేవ్‌ఫామ్ (మెషీన్ తెర మీది శ్వాస గీతల) వైపు చూడాలి. రోగి పూర్తిగా గాలి వదలకముందే రెండో శ్వాస మొదటి దాని మీద పడుతుంటే, మెషీన్‌లో 6 అని ఉన్నా ఊపిరితిత్తిలోకి 12 వెళుతోందన్నమాట. దీనిని అందరికన్నా ముందు గమనించేది మంచం పక్కనున్న నర్సే. గమనించగానే నొప్పి ఉందా, సెడేషన్ (మత్తు) చాలడం లేదా, కఫం అడ్డుపడిందా, ట్యూబింగ్‌లో నీరు నిలిచి మెషీన్‌ను తప్పుగా ట్రిగ్గర్ చేస్తోందా అని వరుసగా చూసి, డాక్టరును పిలవాలి.

పీప్ గురించి ఒక మాట. ముడుచుకుపోబోయే వాయుగోణులను శ్వాస చివర కూడా కొంచెం తెరిచి ఉంచేది అదే. సర్క్యూట్ (రోగిని మెషీన్‌తో కలిపే గొట్టాలు) ఒక్కసారి ఊడినా, గంటల తరబడి కష్టపడి తెరిచిన భాగాలు క్షణాల్లో మూసుకుపోతాయి, మళ్లీ తెరవడానికి గంటలు పడుతుంది. అందుకే ఈ రోగుల్లో అనవసరంగా సర్క్యూట్ విప్పడాన్ని నేను మందు తప్పుగా ఇవ్వడంతో సమానంగా చూస్తాను. క్లోజ్డ్ సక్షన్ (సర్క్యూట్ విప్పకుండానే కఫం లాగే పద్ధతి) వాడాలి. గంటకోసారి, రెండు గంటలకోసారి అని గడియారం చూసి సక్షన్ చేయకూడదు. ఫ్లో వేవ్‌ఫామ్‌లో రంపపు పళ్ల వంటి గీతలు, ఛాతీ మీద గరగర శబ్దం, పీక్ ప్రెషర్ పెరగడం, ట్యూబులో కఫం కనబడడం వంటి కారణం ఉంటేనే చేయాలి. ముందు 100 శాతం ఆక్సిజన్ ఇచ్చి, ట్యూబు లోపలి వ్యాసంలో సగానికి మించని క్యాథెటర్‌తో, 150 మిల్లీమీటర్ల పాదరసానికి లోబడిన పీడనంతో, 15 సెకన్ల లోపు ముగించాలి. అలవాటుగా ట్యూబులో సెలైన్ పోయడం మానుకోవాలి. వెంటిలేటర్ మార్చడం వంటి తప్పనిసరి సందర్భంలో, శ్వాస లోపలికి తీసుకున్న స్థితిలో ట్యూబును క్లాంపు చేసి విప్పుతారు. కానీ రోగి స్వయంగా శ్వాస తీస్తుంటే క్లాంపు ప్రమాదకరం, లోపల తీగ చుట్టిన ట్యూబును క్లాంపు చేస్తే అది నలిగి అలాగే ఉండిపోతుంది. ఆంబూ బ్యాగుకు (చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే సంచికి) పీప్ వాల్వ్ ఉందో లేదో షిఫ్టు మొదట్లోనే చూసుకోండి. తక్కువ టైడల్ వాల్యూమ్ ఇస్తున్నప్పుడు ఫిల్టర్ రూపంలో ఉండే తేమ పరికరం డెడ్ స్పేస్ (వాయువుల మార్పిడి జరగని ఖాళీ) పెంచుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్న రోగికి హీటెడ్ హ్యుమిడిఫయర్ మేలు.

సాచురేషన్ నిదానంగా తగ్గడం వేరు, ఉన్నట్టుండి పడిపోవడం వేరు. ఉన్నట్టుండి పడితే ఆక్సిజన్‌ను 100 శాతానికి పెంచడం సరైనదే, అయితే ఆ నాబ్ తిప్పడంతో పని అయిపోయిందనుకోకూడదు. ట్యూబు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు వద్ద ఉందో చూడాలి, అది ఒక వైపు శ్వాసనాళంలోకి దిగిందా, పైకి వచ్చేసిందా తేల్చుకోవాలి. సక్షన్ క్యాథెటర్ సులువుగా దిగుతోందో లేదో చూస్తే ట్యూబు మూసుకుపోయిందేమో తెలుస్తుంది. రెండు వైపులా శ్వాస శబ్దం విని, ఒక వైపు లేకపోతే, రక్తపోటు కూడా పడుతుంటే, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి దాన్ని నొక్కడం) అని అనుమానించి గట్టిగా కేకవేసి సహాయం పిలవాలి. చివరగా సర్క్యూట్, ఆక్సిజన్ సరఫరా, మెషీన్. బిగుసుకున్న ఊపిరితిత్తిలో ఎక్కువ పీడనం మీద ఉన్న రోగికి న్యూమోథొరాక్స్ ఎప్పుడైనా రావచ్చు కనుక, ఛాతీ ట్యూబు సామాగ్రి వార్డులో ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

మధ్యస్థ, తీవ్ర ఏఆర్‌డీఎస్‌లో ప్రాణాలు నిలిపే చికిత్సల్లో పూర్తిగా నర్సుల నైపుణ్యం మీద నడిచేది ప్రోన్ పొజిషన్, అంటే రోగిని బోర్లా పడుకోబెట్టడం. ఫ్రాన్స్, స్పెయిన్ ఐసీయూల్లో జరిగి 2013లో వెలువడిన పరీక్షలో నిష్పత్తి 150 కన్నా తక్కువ ఉన్న 466 మందిలో, రోజుకు కనీసం 16 గంటల చొప్పున బోర్లా ఉంచిన గుంపులో 28 రోజుల మరణాలు 16 శాతం, వెల్లకిలా ఉంచిన గుంపులో 32.8 శాతం. ఆ విభాగాలన్నీ ఈ పనిలో బాగా అనుభవం ఉన్నవని మరువకూడదు. వీపు వైపు మూసుకుపోయిన భాగాలు తెరుచుకోవడం, గుండె బరువు ఊపిరితిత్తి మీంచి తొలగడం, గాలి అన్ని భాగాలకూ సమంగా పంచుకోవడం వల్ల సాగదీత తగ్గుతుంది. అందువల్ల బోర్లా వేసిన తరువాత సాచురేషన్ వెంటనే పెరగకపోయినంత మాత్రాన అది వృథా అనుకుని రెండు గంటలకే తిప్పేయకూడదు.

తిప్పడానికి కనీసం ఐదుగురు కావాలి, తల దగ్గర ట్యూబు పట్టుకున్న వ్యక్తి మాటే అందరూ వినాలి. ముందుగా ఫీడింగ్ ఆపి కడుపులోది లాగాలి, నోరు, ట్యూబు శుభ్రం చేయాలి, ట్యూబు టేపు కొత్తగా గట్టిగా వేయాలి, కళ్లలో ఆయింట్‌మెంట్ వేసి రెప్పలు మూసి అతికించాలి, నాలుక పళ్ల మధ్య లేకుండా చూడాలి. రక్తపోటు నిలిపే మందుల సిరంజిలు మధ్యలో అయిపోకుండా నిండా ఉండాలి. ప్రతి లైనూ ఎటు నుంచి ఎటు వస్తుందో ఒకసారి వేలితో తడిమి, పొడవు చాలుతుందో లేదో చూడాలి. ఛాతీ మీది ఈసీజీ ఎలక్ట్రోడ్లు తీసి వీపు మీద పెట్టాలి. అవి ఛాతీ కింద ఉండిపోతే పదహారు గంటల్లో పుండ్లవుతాయి. తిప్పిన వెంటనే ట్యూబు లోతు, కాప్నోగ్రఫీ (వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చూపే) గీత, రెండు వైపుల శబ్దం, కఫ్ (ట్యూబు చుట్టూ ఉండే గాలి బెలూన్) ప్రెషర్ మళ్లీ చూడాలి. కఫ్ 20 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉండాలి.

ఆ తరువాతి పదహారు గంటలే అసలైన సేవ. నుదురు, చెంప, గడ్డం, ముక్కు, చెవి మడత, రొమ్ములు, నడుము ఎముక అంచులు, పురుషుల జననాంగం, మోకాళ్లు, కాలి వేళ్లు, వీటన్నిటి మీద బరువు పడుతుంది. ముఖాన్ని, చేతులను రెండు గంటలకోసారి మార్చాలి. ముఖం తిరిగిన వైపు చేయి పైకి, రెండోది కిందికి ఉంచే పద్ధతిలో భుజాన్ని 90 డిగ్రీలకు మించి ఎత్తకూడదు, లేకపోతే భుజంలోని నరాల గుచ్ఛం సాగి, బతికి బయటపడిన మనిషి చేయి ఎత్తలేని స్థితిలో మిగలవచ్చు. పొట్ట నొక్కుకోకుండా చూస్తూ, మంచం మొత్తం తల వైపు కొంచెం ఎత్తు ఉంచితే ముఖం వాపు, వాంతి ప్రమాదం తగ్గుతాయి. ముఖం వాచి గుర్తుపట్టలేనట్టు అవుతుందని, అది తాత్కాలికమని బంధువులకు ముందే చెప్పకపోతే వారు చూసి తల్లడిల్లిపోతారు. బోర్లా ఉండగా గుండె ఆగితే వెంటనే తిప్పలేని పక్షంలో భుజం ఎముకల మధ్య, వెన్ను మీద కంప్రెషన్లు మొదలుపెట్టవచ్చు. వెల్లకిలా తిప్పిన నాలుగు గంటల తరువాత, పీప్ 10, ఎఫ్‌ఐఓటూ 0.6 మించకుండానే నిష్పత్తి 150 లేదా అంతకు మించి నిలిస్తే ఇక ఆపవచ్చునన్నది ఆ పరీక్షలో పాటించిన నియమం.

కండరాలు సడలించే మందు ఇస్తున్నప్పుడు నా మనసులో ఎప్పుడూ మెదిలే విషయం ఒకటే: ఆ మందు నొప్పినీ తగ్గించదు, స్పృహనూ తీయదు. మెలకువగా ఉండి కదలలేని, చెప్పుకోలేని స్థితి కన్నా దారుణం మరొకటి ఉండదు. కాబట్టి మందు మొదలుపెట్టకముందే లోతైన సెడేషన్, నొప్పి నివారణ ఉన్నాయని నిర్ధారించుకోవాలి, మందు నడుస్తుండగా సెడేషన్ సిరంజి ఒక్క నిమిషం కూడా ఖాళీ కాకూడదు. కారణం లేని గుండె వేగం, రక్తపోటు పెరగడం, కంటి నీరు, చెమట కనిపిస్తే మెలకువ వస్తోందేమోనని అనుమానించాలి. ట్రెయిన్ ఆఫ్ ఫోర్ (నరానికి నాలుగు చిన్న విద్యుత్ స్పందనలిచ్చి కండరం ఎన్నిసార్లు కదిలిందో లెక్కించే పరీక్ష) చూసి మోతాదును అదుపులో ఉంచాలి. రెప్ప వాల్చలేని కళ్లకు క్రమం తప్పకుండా లూబ్రికెంట్ వేయాలి. 2019లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో ఈ మందును అందరికీ అలవాటుగా ఇవ్వడం వల్ల మరణాలు తగ్గలేదు. అవసరం తీరగానే ఆపమని రోజూ గుర్తుచేయడం కూడా నర్సు బాధ్యతే.

ద్రవాల లెక్క మీద కూడా శ్రద్ధ పెట్టాలి. షాక్ తీరిన తరువాత ద్రవాలను పొదుపుగా ఇచ్చిన రోగులు వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడ్డారని, మరణాల్లో మాత్రం తేడా లేదని 1000 మందిపై జరిగి 2006లో వెలువడిన పరీక్ష చూపింది. డాక్టరు రాసిన ఫ్లూయిడ్ ఆపినా, యాంటీబయాటిక్ కలిపే సెలైన్, ఫ్లష్‌లు, సెడేషన్ డ్రిప్పులు కలిసి రోజుకు లీటరు దాటిపోవడం సాధారణం. వాటిని కూడా ఇన్‌టేక్‌లో రాసి, గాఢంగా కలపడం కుదురుతుందా అని ఫార్మసీని అడగాలి. మిగతా సేవ మీకు తెలిసినదే: తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు, బ్రష్‌తో నోటి శుభ్రత, వీలైతే 24 నుంచి 48 గంటల్లోపు ట్యూబు ఫీడింగ్, రక్తం గడ్డకట్టకుండా నివారణ, స్టెరాయిడ్ నడుస్తుంటే చక్కెర పరీక్ష.

సెడేషన్‌లో ఉన్న రోగితో మాట్లాడడం మానవద్దు. పేరు పెట్టి పిలిచి, ఏ రోజో, ఏ వేళో, ఇప్పుడు ఏం చేయబోతున్నామో చెప్పాలి. సెడేషన్ తగ్గించే రోజుల్లో చాలామందికి డెలీరియం (తాత్కాలికమైన అయోమయం) వస్తుంది. షిఫ్టుకు ఒకసారైనా స్కేలుతో పరీక్షించాలి, రాత్రి దీపాలు, అలారాలు తగ్గించాలి, కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే పెట్టాలి. డెలీరియాన్ని చూసి మళ్లీ గాఢమైన మత్తు పెంచడమంటే వెంటిలేటర్ రోజులు పెంచడమే.

నిష్పత్తి మెరుగుపడి ఎఫ్‌ఐఓటూ, పీప్ తగ్గుతున్నకొద్దీ రోజూ సెడేషన్ ఆపి చూడడం, ఆ వెంటనే స్వయంగా శ్వాస తీసే పరీక్ష పెట్టడం మొదలవుతాయి. ఆ దశలో రోగి బలంగా, లోతుగా శ్వాస లాగుతుంటే మెరుగుదల అనుకుని సంతోషించకుండా గమనించాలి. వాపు తీరని ఊపిరితిత్తిని స్వంత శ్వాస కూడా గాయపరచగలదు. మెడ కండరాలు వాడడం, నిమిషానికి 35 దాటిన శ్వాసలు, చెమట, ఆందోళన కనిపిస్తే పరీక్ష ఆపాలి. మంచంలోనే కాళ్లూ చేతులూ కదిలించడం, అంచున కూర్చోబెట్టడం ఫిజియోథెరపిస్టుతో కలిసి వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి, ఎందుకంటే ఏఆర్‌డీఎస్ నుంచి బయటపడినవారికి ఊపిరితిత్తుల సామర్థ్యం చాలావరకు తిరిగివచ్చినా, కండరాల బలహీనత, జ్ఞాపకశక్తి ఇబ్బందులు, భయం ఏళ్ల తరబడి మిగులుతున్నాయని ఐదేళ్ల పాటు రోగులను గమనించిన అధ్యయనాలు చూపాయి. ట్యూబు తీసిన తరువాత నోటి ద్వారా ఏదైనా ఇచ్చే ముందు మింగడం సరిగ్గా ఉందో లేదో పరీక్షించండి. వార్డుకు పంపేటప్పుడు రాసే నోట్‌లో ప్రోన్ చేసిన రోజులు, చర్మం మీద మిగిలిన పుండ్లు, ఏ చేయి బలహీనంగా ఉంది, డెలీరియం ఎప్పటి వరకు ఉంది అనే నాలుగు విషయాలూ తప్పక ఉండాలి; అవి లేకపోతే వార్డు నర్సుకు ఆ రోగి మామూలు న్యుమోనియా రోగిగానే కనిపిస్తాడు.